పోవలసి పోని ధమని

ముప్పదియేండ్లకు పైగా వైద్యకళాశాలలో శారీరశాస్త్రమును బోధించి విశ్రమించిన ఆచార్యులొకరును, ఒకప్పుడు వారి శవచ్ఛేదశాలలోనే తొలిపాఠములు నేర్చి నేడు పక్షవాతరోగుల చికిత్సయందు కృతహస్తుడైన వైద్యుడొకడును, ఒక రోగి మెడలోని రక్తనాళమును గూర్చి సలిపిన వాదమును, నా చెవిని బడినంతమేర, ఇచట వ్రాయుచున్నాను. రోగి అరువది దాటిన రైతు. రక్తపుపోటు కలదు, చుట్ట వదలడు. ఒకనాటి ఉదయమున లేచుచునే తల తిరిగి, అడుగు తడబడి, కుడిప్రక్క నున్నదేదియు కానరాక ద్వారబంధమునకు గ్రుద్దుకొనగా, ఇంటివారు పైత్యమని తలచి నిమ్మకాయనీళ్ళు త్రావించి పూటంతయు జాగుచేసిరి. ఆసుపత్రిలో తీసిన చిత్రములయందు చిన్నమెదడు కుడిభాగమున ఒకటి, పెద్దమెదడు వెనుకతమ్మెలో ఎడమవైపున ఒకటి, రక్తమందక నశించిన తావులు రెండు కనబడినవి. మెడలో ఎడమ కరోటిడ్ ధమని రెండుగా చీలుచోట కొవ్వు పేరుకొని, నూటికి ఎనుబదిపాళ్ళు త్రోవ మూసియున్నది. ఇంతవరకు వింత యేమియు లేదు. ఆ ఇరుకునకు పైన, రెండవ మెడపూస యెత్తున, లోపలి కరోటిడ్ ధమనినుండి లావైన కొమ్మయొకటి బయలుదేరి, వెనుకకు మలగి, పుఱ్ఱె అడుగున నాలుకను కదల్చు నాడి వెలువడు రంధ్రముగుండ లోనికి దూరి, మెదడుకాడ ముంగల నుండు బేసిలార్ ధమనితో కలసినది. ఆ ధమనిని ఏర్పరుపవలసిన వెన్నుపూసల ధమనులు రెండును మిక్కిలి సన్నగిలి యున్నవి. వాదమంతయు ఆ కొమ్మను గూర్చియే.

వైద్యుడు: మాస్టారూ, దీనిని చూచి మీరు పొంగిపోదురని తెలిసియే చిత్రములు తెచ్చితిని. మీరు నల్లబల్లమీద రంగుసుద్దతో గీసి చూపిన హైపోగ్లాసల్ ధమని బ్రతికియున్న మనుష్యుని మెడలో నేనిన్నాళ్ళకు చూడగలిగితిని. కాని నా సంబరము చూచుటతో సరి. యాంజియోగ్రామ్ తీయబడిన పదివేలమందిలో ఇద్దరు మొదలు పదిమందికి మించి ఈ నాళము కనబడదని గ్రంథములు చెప్పుచున్నవి. ఆ పదివేలమందిలో రక్తపుపోటు గలవారెందరు, మధుమేహము గలవారెందరు, చుట్టలు బీడీలు కాల్చువారెందరు! వారిచేత ప్రతిదినము మాత్ర మ్రింగించుటకే మాకు చాలని ప్రొద్దును, పిండమునందు పుట్టి గిట్టవలసిన నాళముల పేర్లు వల్లించుటలో గడపుట న్యాయముగ తోపదు. ఈ రైతును పడవేసినది కొవ్వుపూడిక. దానిని పెంచినది పొగాకు, రక్తపుపోటు. ఆ ధమని నిరపరాధి.

ఆచార్యుడు: నిరపరాధి కాదని నేనన్నానా, నాయనా? అరుదైనది కావున గొప్పదని కూడ నేననలేదు. నీవే దానికి అరుదని పేరుపెట్టి ప్రక్కకు త్రోయుచున్నావు. మొదట నాకొక్క ప్రశ్నకు బదులు చెప్పుము. నశించిన తావు ఒకటి కుడివైపున, ఒకటి ఎడమవైపున. ఒకటి చిన్నమెదడున, ఒకటి పెద్దమెదడున. మెడచిత్రము నీ చేతికి రాకమునుపు నీవేమనుకొంటివి?

వైద్యుడు: గుండె యనుకొంటిని. రెండు ప్రక్కల, వేర్వేరు తావులలో ఒక్కమాఱుగా దెబ్బ తగిలినప్పుడు, గుండెలో గడ్డకట్టిన రక్తము ముక్కలై ఎగజిమ్మినదని మొదట అనుమానించుట మా వాడుక. నాడి తప్పుచున్నదేమో యని రేయింబవళ్ళు గుండెచప్పుడు వ్రాసితిమి, ఎకో చేసితిమి. గుండెలో దోషము లేదు.

ఆచార్యుడు: అటుపిమ్మట మెడచిత్రము వచ్చినది. ఎడమ కరోటిడ్ ధమనిలో ఇరుకు. సామాన్యుని మెడయైనచో ఆ ఇరుకునుండి రాలిన ముక్క పోవలసినదెచటికి?

వైద్యుడు: ఎడమ కంటికి, లేదా పెద్దమెదడు ఎడమ అర్ధభాగమున ముందరి, నడిమి తావులకు. కుడిచేయి పడిపోవును, మాట పోవును. చిన్నమెదడునకు పోదు. మెదడుకాడకు, చిన్నమెదడునకు, వెనుకతమ్మెకు రక్తము తెచ్చునవి వెన్నుపూసలలోనుండి ఎక్కు ధమనులు రెండు. అవి బేసిలారుగా ఏకమగును. ఇది మీరు చెప్పిన పాఠమే.

ఆచార్యుడు: కావున ఆ కొమ్మను గుర్తింపని వైద్యుడు ఏమని వ్రాయును? వెనుక త్రోవలో పక్షవాతము; ముందు త్రోవలో ఇరుకు; ఒకదానికొకటి సంబంధము లేదు; ఇరుకు యాదృచ్ఛికము. వెన్నుపూసల ధమనులు సన్నగ నున్నవి గనుక పాపమంతయు వాటి నెత్తిన రుద్దును. లేదా, కానరాకున్నను గుండెయే దోషియని నిశ్చయించి రక్తమును పలుచన చేయు మందు జన్మాంతము వ్రాసి పంపివేయును. రోగి తాను నెమ్మదిగ నున్నాననుకొని ఇంటికి పోవును. అపరాధియైన పూడిక ఆతని మెడలో నెమ్మదిగనే యుండును. నీ నిరపరాధి ధమనిని ఎఱుగనిచో నీకు దొంగ దొరకడు.

వైద్యుడు: ఎఱుగకపోవుటెట్లు? ఇప్పుడు మేము గుండెపైనుండి నడినెత్తివరకు ఒక్కమాఱుగా సి.టి. యాంజియోగ్రామ్ తీయుచున్నాము. లావైన కొమ్మ కరోటిడునుండి పుఱ్ఱెలోనికి పోవుచుండగా దానిని చూచుటకు పిండశాస్త్రమేల? కన్నులు చాలును. 1889లో బటుయెఫ్ దీనిని శవమున వర్ణించినప్పుడు కత్తి పట్టినవారికే కనబడవలసి వచ్చినది. 1927లో లిస్బన్ నగరమున ఎగాస్ మొనీజ్ బ్రతికియున్నవారి మెదడు రక్తనాళములను ఎక్స్‌రే పటమున కెక్కించిన పిదప శవముతో పని తీరినది. నేడు ఆ పనియు క్షణములలో ముగియుచున్నది.

ఆచార్యుడు: పటమున పడుట వేఱు, పోల్చుకొనుట వేఱు. పటమును చదువువాడు తనకు తెలిసిన నాళములను ఒక్కొక్కటిగ లెక్క సరిచూచుకొనుచు పోవును. లెక్కలో లేనిదానిని సిరయనియో, పెరిగిన ఉపశాఖయనియో సర్దుకొనును. నీకు తెలియుటకు కారణము నీకన్ను కాదు, నీవు పరీక్షకు చదివి మఱచితినని తలచినది మఱవకపోవుట.

(ఇచట వైద్యుడు నవ్వెను గాని ఒప్పుకొన్నట్లు నాకు తోపలేదు. ఆచార్యులు బల్లమీది కాగితమును త్రిప్పి వెనుకవైపున పెన్సిలుతో గీయ మొదలిడిరి. ఆ పిదప సుమారు పావుగంటసేపు వారిదే రాజ్యము.)

ఆచార్యుడు: గర్భమున నాలుగవ వారము నిండువేళ, పిండము నాలుగైదు మిల్లీమీటర్ల పొడవుండునప్పుడు, వెన్నుపూసల ధమనులు ఇంకను పుట్టియుండవు. వెనుకమెదడు అడుగున నిలువుగ రెండు నాళములు మాత్రము తయారైయుండును. ఇవియే ముందుముందు ఏకమై బేసిలార్ ధమని కావలసినవి. వీటికి రక్తమెచటిది? ముందునున్న కరోటిడులనుండి నాలుగు జతల అడ్డుధమనులు వెనుకకు వచ్చి అందించుచుండును. ఐదవ కపాలనాడి ప్రక్కది ట్రైజెమినల్. చెవిగూటి ప్రక్కది ఓటిక్. నాలుకను కదల్చు పండ్రెండవ నాడి ప్రక్కది మన హైపోగ్లాసల్. పుఱ్ఱెకును మొదటి మెడపూసకును నడుమది ప్రోయట్లాంటల్. వీటి ఆయుర్దాయము ఇంచుమించు ఒక వారము. ఆ వారములో పైనుండి కరోటిడుకొమ్మ యొకటి వెనుకకు పెరిగి బేసిలారు కొనను కలియును. క్రిందినుండి మెడపూసల నడుమ నుండు చిన్నచిన్న నాళములు ఒకదానితో నొకటి నిలువుగ ముడివడి వెన్నుపూసల ధమని యగును. అడ్డుధమనులతో పని తీరును. మొదట ఓటిక్, తరువాత హైపోగ్లాసల్, ఆపై ట్రైజెమినల్, కడపట ప్రోయట్లాంటల్, ఒక్కొక్కటే మూసికొనిపోవును. ఈ క్రమమును మనకు విశదపఱచినది డోర్కస్ పాడ్జెట్ అను నామె. వైద్యచిత్రకారిణిగ వృత్తి మొదలిడి, బాల్టిమోర్‌లో శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ కొరకు బొమ్మలు గీసిన ఆమె, కార్నెగీ సంస్థవారు భద్రపఱచిన మానవపిండముల సన్నని ముక్కలను సూక్ష్మదర్శినిలో చూచి, ముక్కవెంట ముక్కగ నాళములను తిరిగి నిర్మించి, 1948లో ప్రకటించిన పటములే నేటికిని మనకు ఆధారములు. ఆమె గీయనిచో ఈ రైతు మెడలోని కొమ్మకు వంశవృక్షము లేదు.

వైద్యుడు: వంశవృక్షము ఘనమైనదే. కాని చిత్రమేమనగా, అన్నిటికంటె ఆలస్యముగ పోవునదే పెద్దలలో తఱచుగ మిగిలియుండవలెను గదా? అట్లు లేదు. మిగులువాటిలో మొదటిది ట్రైజెమినల్, రెండవది హైపోగ్లాసల్. కడపట పోవు ప్రోయట్లాంటల్ వీటికంటెను అరుదు. మీ క్రమము మిగులుటను ముందుగ చెప్పలేకపోవుచున్నది.

ఆచార్యుడు: మంచి ప్రశ్న, పరీక్షలో నీవడిగియుండిన నీకు మార్కులు తగ్గించియుందును. పోవు క్రమము వేఱు, పోకుండుటకు హేతువు వేఱు. రిచర్డ్ థోమా 1893లోనే కోడిపిండములను చూచి చెప్పెను: రక్తము వేగముగ పారు నాళము విశాలమగును, పారనిది మూసికొనును. గోదావరి డెల్టాలో పెద్దకాలువ పారువరకు చేలకు నీరందుటకై కొట్టిన గండిని, కాలువ పారినపిదప పూడ్చివేయుదురు. ఇచట గండి పూడలేదు. గండినీరే చాలినది గనుక కాలువ త్రవ్వకము సగములో ఆగినది. ఈతని వెన్నుపూసల ధమనులు సన్నగ నుండుటకు అదియే కారణము. వాటిని రోగమనుకొనుట తప్పు.

వైద్యుడు: లేదా కాలువ త్రవ్వకము మొదటనే చెడినది గనుక గండిని పూడ్చలేకపోయిరేమో! ఏది ముందు, ఏది వెనుక? థోమా సూత్రము రెండు కథలకును సరిపోవును. ఎట్లు చెప్పినను సరిపోవు సూత్రమును నమ్మి చికిత్సకు పూనుకొనుట నాకు భయము. మాస్టారూ, మా శాఖలో ఇట్టి సూత్రము చేసిన నష్టమును మీరు మఱచితిరి. కరోటిడ్ ధమని మూసికొనిపోయినవారికి, పుఱ్ఱె బయటి నాళమును తెచ్చి లోపలి నాళమునకు కుట్టినచో మెదడునకు క్రొత్త త్రోవ యేర్పడునని, 1967నుండి శస్త్రవైద్యులు ఎంతయో నేర్పుతో కుట్టిరి. శారీరశాస్త్రము ప్రకారము అంతకంటె సహేతుకమైనది లేదు. 1377మంది రోగులను రెండు వర్గములు చేసి పరీక్షించి 1985లో ఫలితము ప్రకటింపగా, కుట్టించుకొన్నవారికి కుట్టించుకొననివారికంటె మేలేమియు కనబడలేదు. రక్తము పారుత్రోవ తెలిసినంతమాత్రమున ఏది చేసిన మేలగునో తెలియదు.

ఆచార్యుడు: అది కాదనను. కాని నీ పరీక్షలును శారీరశాస్త్రముపైననే నిలిచియున్నవని నీవు మఱచుచున్నావు. కరోటిడు ఇరుకునకు శస్త్రము చేయవలెనా వలదా యని తేల్చిన 1991నాటి ఉత్తర అమెరికా పరీక్షలోనికి ఎవరిని తీసికొనిరి?

వైద్యుడు: నూటడెబ్బది—కాదు, నూట యిరువదిదినముల లోపల కరోటిడు తావులో లక్షణములు కనబడినవారిని. ఇరుకు నూటికి డెబ్బదినుండి తొంబదితొమ్మిదివఱకు నున్నవారిలో, మందులతో మాత్రము నడచినవారికి రెండేండ్లలో అదేవైపు పక్షవాతము నూటికి 26మందికి వచ్చినది. శస్త్రము చేయించుకొన్నవారిలో 9మందికి. లక్షణములు లేని ఇరుకునకు లెక్క వేఱు. 1995లో ప్రకటితమైన పరీక్షలో ఐదేండ్లకు నూటికి 11 అగునది శస్త్రముచే 5 అయ్యెను. మేలు కలదు గాని స్వల్పము.

ఆచార్యుడు: రెండేండ్లలో పదునేడుగురిని కాచుట ఒకటి, ఐదేండ్లలో ఆఱుగురిని కాచుట మఱియొకటి. ఈ రెండు పద్దులలో ఈ రైతును దేనిలో వ్రాయుదువు? కరోటిడు తావన్నప్పుడు వారి మనస్సున నున్నది సామాన్యుని మెడ. ఆ మెడను కొలతగ పట్టినచో ఈతడు లక్షణములు లేనివాడు. తల తిరిగి, చూపు పోయి, రెండుచోట్ల మెదడు నశించి, నీ పద్దుపుస్తకమున మాత్రము ఏ లక్షణములు లేనివాడు! ఆ కొమ్మను లెక్కకు తెచ్చినచో ఈతని చిన్నమెదడు కరోటిడు తావే, వెనుకతమ్మె కరోటిడు తావే. ఇరుకు నిద్రించుచున్నది కాదు, రెండుమాఱులు దెబ్బకొట్టినది. నేననునది ఇంతయే. ఆ ధమని రోగము కాదు. కాని రోగమును ఏ పద్దున వ్రాయవలెనో నిర్ణయించునది అదియే.

(ఈ మాటకు వైద్యుడు వెంటనే బదులు చెప్పలేదు. వాదమంతటిలో ఆచార్యుల పక్షమున నన్ను కదల్చినది ఇదియే. పటములును పాడ్జెట్టును అంతగ కాదు.)

వైద్యుడు: ఒప్పుకొందును, సగము. ఈతడు లక్షణములు గలవాడే. కాని 26, 9 అను ఆ అంకెలు ఈతనివి కావు. ఆ పరీక్షలో ఇట్టి మెడగలవారిని వేఱుచేసి ఎవరును లెక్కింపలేదు. మేలు ఎంతయో నేను చెప్పలేను. కీడు మాత్రము హెచ్చని చెప్పగలను. శస్త్రము చేయువేళ కరోటిడునకు పట్టుకఱ్ఱ బిగింతురు. సామాన్యునికి ఆ కొలదిసేపు అవతలి కరోటిడు, వెన్నుపూసల ధమనులు, విల్లిస్ 1664లో వర్ణించిన వలయముగుండ లోటు తీర్చును. ఈతనికి? వెన్నుపూసల ధమనులు పనికిరావు. కరోటిడును బేసిలారును కలుపవలసిన వెనుకటి సంధానధమని ఇట్టివారిలో చాలభాగము కానరాదు. 1968లో లీ చెప్పిన నాలుగు గుర్తులలో అదియొకటి. పట్టుకఱ్ఱ బిగించినచో ఎడమమెదడు మాత్రమే కాదు, ఊపిరిని నడపు మెదడుకాడ ఎండిపోవును. మీ ధమనిని గౌరవించియే నేను కత్తికి జంకుచున్నాను.

ఆచార్యుడు: ఇప్పుడు నీవే దాని పేరున వాదించుచున్నావు!

వైద్యుడు: దాని పేరున కాదు, దానివలని అపాయమున. మత్తీయక, మెడను మాత్రము మొద్దుబఱచి చేసినచో, రోగిచేతికొక బొమ్మనిచ్చి నొక్కుమందురు; చేయి సడలినచో మెదడునకు రక్తము చాలలేదని తెలియును. ఈతనికి చేయి సడలకమునుపే తెలివి పోవచ్చును, ఊపిరి తప్పవచ్చును. మత్తునిచ్చి తలకు తీగెలు తగిలించి విద్యుల్లేఖ వ్రాసినచో, అది మెదడు పైపొర స్థితిని చెప్పును గాని కాడ స్థితిని చెప్పదు.

ఆచార్యుడు: గొట్టము పెట్టుదురు గదా? క్రింద మూలకరోటిడులో ఒకకొన, పైన లోపలి కరోటిడులో ఒకకొన దూర్చి, శస్త్రము జరుగునంతసేపు రక్తమును పారనిత్తురు.

వైద్యుడు: పెట్టుదురు. పైకొన ఎచటివరకు పోవలెను? కొమ్మ మొదలునకు దిగువనే ఆగినచో రెండు త్రోవలకును రక్తమందును. ఒక్క వ్రేలెడు పైకి జరిగినచో గొట్టము ముందుమెదడునకు మాత్రము పోసి కొమ్మ నోరు మూయును. స్టెంటు వేయుదమందురా, అచటను ఇదే చిక్కు. రాలిన పూడికముక్కలను పట్టుటకు పైన తెరచు జల్లెడబుట్టను వాడుకచొప్పున లోపలి కరోటిడులో ఎత్తున నిలిపినచో, కొమ్మత్రోవ జల్లెడ లేకయే తెరచియుండును. ముక్కలు తిన్నగ చిన్నమెదడునకు పోవును. కొమ్మకు దిగువనే బుట్టను తెరచుటకు ఈతని మెడలో చోటు తక్కువ. బుట్టకు బదులు క్రింద రక్తమునాపి వెనుకకు పారించు పద్ధతి పట్టినచో, మరల బేసిలారు ఎండును.

ఆచార్యుడు: ఇంత తెలిసినవాడవు, పేర్లు వల్లించుట వ్యర్థమని మొదట నన్ను పరిహసించితివి.

వైద్యుడు: పేర్లు వ్యర్థమంటిని, త్రోవ వ్యర్థమనలేదు. ఇది హైపోగ్లాసలా, ప్రోయట్లాంటలా యని మీరు గంటసేపు తగవులాడుదురు. ఒకటి నాలుకనాడి రంధ్రముగుండ పోవును, మఱొకటి మొదటి మెడపూసమీద అడ్డముగ పండుకొని పుఱ్ఱె పెద్దరంధ్రముగుండ పోవును. నా పనికి ఆ భేదమేల? మెడలో పూడికకు పైన, వెనుకమెదడునకు పోవు కొమ్మ కలదు, నాకింతే చాలును.

ఆచార్యుడు: నీకు చాలును. రేపీతనికి పుఱ్ఱె అడుగున కంతి లేచి, మఱియొక శస్త్రవైద్యుడు నాలుకనాడి రంధ్రపు ఎముకను తొలువవలసి వచ్చినచో ఆతనికి చాలదు. అచట నాడి యొక్కటియే యుండునని తొలుచును; నాడిప్రక్కన బేసిలారునకు ఏకైక ఆధారమైన ధమని యున్నది. లేదా బేసిలారే గడ్డకట్టి మూసికొన్నదనుకొనుము. గడ్డను లాగివేయుటకు నాళికను ఎక్కించువాడు వాడుకచొప్పున వెన్నుపూసల ధమనులలో త్రోవ వెదకి, రెండును మూసికొన్నవని చేతులెత్తివేయును. త్రోవ కరోటిడులో నున్నది. నిమిషనిమిషము మెదడు నశించు వేళ ఆ వెదకులాట ఖరీదెంతయో నీకు నేను చెప్పవలెనా?

వైద్యుడు: వలదు. అది మాత్రము ఆతని కాగితములలో ఎఱ్ఱసిరాతో వ్రాయుదును. కాని ఏమని వ్రాయవలెనన్నది మన రెండవ తగవు. మీరు జన్మతః కలిగిన అపూర్వవైపరీత్యమని వ్రాయుమందురు. ఆ మాట రోగి ఇంటికి పోయినచో ఏమగునో మీరెఱుగరు. నిన్న ఆతని పెద్దకొడుకు నన్ను వరండాలో నిలిపి, ఇది పుట్టుకరోగమా, పిల్లలకు వచ్చునా యని అడిగెను. చెల్లెలికి సంబంధములు చూచుచున్నారట. ఆ రక్తనాళము ఆతని నాలుగవ వారమునుండి అరువదియేండ్లకు పైగా నమ్మకముగ సేవచేసినది. నేడు రోగమని పేరుపెట్టి ఆడుబిడ్డ పెండ్లి చెఱుపుటయా?

ఆచార్యుడు: వైపరీత్యమన్నంతనే రోగమా? ఐనను రక్తనాళపు ఉబ్బులు ఇట్టివారిలో హెచ్చుగ నుండునని వ్రాసినవారు కలరు. అవి పగిలినచో ప్రాణాంతకము. అది చెప్పకుండుట ధర్మమా?

వైద్యుడు: అదియే నేను భయపడునది. అట్లు వ్రాసినవారు ఎవరిని చూచిరి? ఉబ్బు పగిలి రక్తము కాఱి యాంజియోగ్రామునకు వచ్చినవారిని. తలనొప్పి లేక, యాంజియోగ్రామ్ అవసరమే లేక, ఈ ధమనితోనే పుట్టి, ఈ ధమనితోనే ముసలియై, మఱియేదో జబ్బుతో పోయినవారు వారి లెక్కలోనికి రారు. అన్న యైన ట్రైజెమినల్ విషయమున 1999లో లెక్క సరిచూడగ, ఉబ్బులు నూటికి మూడు. అది సామాన్యజనములో నుండు లెక్కయే. నేను మొదట చెప్పిన పదివేలకు పదిమంది యను అంకెకును ఇదే దోషము కలదు, ఒప్పుకొందును. ఉబ్బు ఈతనికున్నదా లేదా యని చిత్రములో చూచితిని; లేదు. లేనిదానిని గూర్చి భయపెట్టను.

ఆచార్యుడు: ఇందులో నీవు గెలిచితివి. కొడుకునకేమి చెప్పితివి?

వైద్యుడు: మీ నాయన మెడలో రక్తము పోవు దారి కొంచెము వేఱు, అది రోగము కాదు, పిల్లలను పరీక్షింప పని లేదు, చుట్ట మానిపింపుము అని చెప్పితిని. తలతిరుగుటను, తూలుటను, చూపు తప్పుటను పైత్యమనుకొని నిమ్మనీళ్ళు పోయవలదనియు చెప్పితిని. మూతి వంకరపోవుట, చేయి పడిపోవుట, మాట ముద్దయగుట పక్షవాతమని ఊరివారికిప్పుడు తెలియును. రక్తమందక వచ్చు పక్షవాతములలో ఐదింట ఒకటి వెనుక త్రోవలో వచ్చుననియు, అది ఇట్లు దొంగవేషమున వచ్చుననియు తెలియదు. గడ్డ కరిగించు మందు నాలుగున్నర గంటలలోపలనే ఈయవలెను. ఆ గడువు ఈతనికి నిమ్మనీళ్ళతో దాటిపోయినది. మాస్టారూ, నా ప్రొద్దంతయు ఎందులకు పోవలెనని నేననుచున్నానో ఇప్పటికైన చూచుడు: ఆ కొమ్మ లేని వేలమందికిని ఇదే గతి పట్టుచున్నది.

ఆచార్యుడు: చూచుచున్నాను. అది చేయవలదని నేననను. 1951లో మిల్లర్ ఫిషర్ వ్రాయువరకు, పక్షవాతము వచ్చినవాని తల కోసి చూచినవారు కలరు గాని మెడ కోసి చూచినవారు బహుస్వల్పము. రోగము కనబడుచోటును రోగము పుట్టుచోటును ఒక్కటి కానక్కఱలేదని, పూడిక మెడలో నుండి దెబ్బ తలలో తగులునని, ఆయన చూపిన మూడేండ్లకే 1954లో లండనున సెయింట్ మేరీ ఆసుపత్రిలో ఈస్ట్‌కాట్, పికరింగ్, రాబ్ అనువారు ఒక రోగికి కరోటిడును బాగుచేసిరి. నీ వేలమందికిని నేడు మెడచిత్రము తీయుచున్నారన్నచో, ఎవరో ఎవరికిని అక్కఱలేని మెడలను ఓపికతో కోసి చూచుటవలననే.

వైద్యుడు: దానికి నేను ఋణపడియున్నాను, వాయిదాలమీద తీర్చుకొందును. ఇప్పుడు పని మాట. దెబ్బతగిలిన రెండువారములలోపల శస్త్రము జరిగినచో ఫలము హెచ్చు. ఈతనికి ఆరు దినములు గడచినవి. ఆస్పిరిను, స్టాటిను నడచుచున్నవి. స్టెంటునకు బుట్ట నిలుపు చోటు చాలదు గనుక కత్తియే మేలని శస్త్రవైద్యుడు అనుచున్నాడు. పట్టుకఱ్ఱ బిగించినంతనే గొట్టము దూర్చవలెనని, దాని పైకొన కొమ్మకు దిగువ ఆపవలెనని నేను పట్టుబట్టితిని. మత్తీయక, మెడ మొద్దుబఱచి చేయవలెనన్నది నా కోరిక. అతనితో మాటలాడుచు నుండినచో తెలివి తప్పుట మొదట మాకే తెలియును.

ఆచార్యుడు: ఊపిరిని కనిపెట్టియుండువారెవరు? బొమ్మ నొక్కించువారు చేతినే చూచుచుందురు.

వైద్యుడు: మత్తువైద్యురాలు. ఆమె దిట్ట, కాని ఇట్టి మెడ ఆమెకు క్రొత్త. ఎచట దెబ్బ తగిలిన ఏది మొదట ఆగునో ఆమెకు ఈ సాయంకాలము విడమరచి చెప్పవలెను. మీరును రండు. ఆ పెన్సిలుబొమ్మ తెండు. ఒక్క నియమము: ఓటిక్, ప్రోయట్లాంటల్, పాడ్జెట్, థోమా, ఈ పేర్లేవియు ఆమెయెదుట ఎత్తరాదు.

ఆచార్యుడు: హైపోగ్లాసల్ అని కూడ అనరాదా? ఆ రంధ్రమును ఏమని చూపుదును?

వైద్యుడు: అదొక్కటి అనుడు. ఐదుగంటలకు కారు పంపుదును.